క్షయ నిర్ధారణ: సీమ ఆసుపత్రుల్లో మారుతున్న తీరు

ఊపిరితిత్తుల క్షయను పట్టుకోవడానికి ఆసుపత్రుల చేతిలో చాలాకాలం రెండే సాధనాలు ఉండేవి: తెమడను చూసే సూక్ష్మదర్శిని, ఛాతీని చూసే ఎక్స్‌రే. గత పదిహేనేళ్లలో జన్యు పరీక్ష వచ్చి వాటి పక్కన చేరింది. దాంతో డాక్టరు అడిగే ప్రశ్నే మారింది. తెమడలో క్రిమి ఉందా లేదా అని చూసి ఊరుకునే రోజులు పోయాయి. ఉన్నది క్షయ క్రిమేనా, దాని జాతిలోదే మరొకటా, ఏ అవయవంలో తిష్ఠ వేసింది, ఏ మందుకు లొంగదు అన్నవన్నీ ఇప్పుడు తేల్చాలి. ఈ మార్పు మొత్తాన్ని రాయలసీమ దగ్గరుండి చూసింది. దేశానికి దారి చూపిన క్షయ పరిశోధనల్లో కొన్ని మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో జరిగాయి. కొత్త పరీక్షలు పట్నం దాటి ఎంత దూరం చేరాయో తెలియాలంటే అనంతపురం కరువు పీఠభూమిలోని కంబదూరు వంటి మండలాలను చూడాలి.

క్షయ క్రిమిని కనుగొన్నట్టు రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో ప్రకటించింది 1882 మార్చి 24న. ఆ మరుసటి ఏటికల్లా జీల్, నీల్సన్‌ల పేరుతో నేటికీ వాడుకలో ఉన్న రంగు అద్దే పద్ధతి స్థిరపడింది. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రేను కనుగొన్నాడు. 1915లో ఆరోగ్యవరంలో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం తలుపులు తెరిచే నాటికి నిర్ధారణకు పునాదులన్నీ పడి ఉన్నాయి, మందు మాత్రం లేదు. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆ శానిటోరియానికి తొలి సూపరింటెండెంటు. మంచి గాలి, పుష్టికరమైన తిండి, విశ్రాంతి అప్పటి చికిత్స. రోగం తేలినా చేయగలిగింది తక్కువే కాబట్టి ఆనాడు నిర్ధారణ అంటే శానిటోరియంలో ఎవరికి మంచం ఇవ్వాలో తేల్చడమే.

ఆయన కుమారుడు జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ కాలంలో దృష్టి మంచాల మీద నుంచి ఊళ్ల మీదికి మళ్లింది. 1948లో భారతదేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 దాకా మదనపల్లె పట్నంలోనూ చుట్టుపట్ల పల్లెల్లోనూ జనాన్ని ఇంటింటా లెక్కించి, చిన్న ఫిల్ముల మీద ఛాతీ ఎక్స్‌రేలు తీసి, అనుమానం ఉన్నవారి తెమడ పరీక్షించారు. ఆ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. అదే దశకంలో, 1955-58 మధ్య, భారత వైద్య పరిశోధన మండలి జరిపిన నమూనా సర్వే మరో అపోహను తుడిచేసింది. క్షయ మురికివాడల జబ్బని, పల్లెలకు అంతగా పాకలేదని అప్పటిదాకా అనుకునేవారు. తీరా చూస్తే పల్లెల్లోనూ పట్నాల్లోనూ దాదాపు ఒకే స్థాయిలో ఉంది.

ఎక్స్‌రే వ్యాన్లను ఊరూరా తిప్పడం బీద దేశానికి తలకు మించిన ఖర్చు. మరి రోగుల్ని ఎలా పట్టుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు కంబదూరుకు దక్షిణాన, పావగడ దాటితే వచ్చే తుమకూరు పల్లెల్లో దొరికింది. 1959లో బెంగళూరులో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ తన సర్వేలకు తుమకూరు జిల్లానే ఎంచుకుంది. ఆ సంస్థకు చెందిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ 1963లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో నేటికీ చదవదగ్గది. క్షయ ఉన్నవారిలో నూటికి 95 మందికి తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు. సగానికి పైగా జనం వైద్యం కోసం గడప దాటారు కూడా. అంటే అజ్ఞానం వల్ల పల్లెజనం ఆసుపత్రికి రావడం లేదన్న మాట నిజం కాదు. వచ్చినవాళ్లకు దగ్గు మందు సీసా ఇచ్చి పంపిన ఆసుపత్రిదే లోపం. అక్కడికి వచ్చినవారి తెమడ చూస్తే చాలా కేసులు దొరుకుతాయన్న లెక్కతో 1962లో జాతీయ క్షయ కార్యక్రమం మొదలైంది. ఛాతీ ఆసుపత్రుల పనిగా ఉన్న క్షయ నిర్ధారణ అప్పటి నుంచి మామూలు ఆసుపత్రుల పని అయింది. మూకుమ్మడి ఎక్స్‌రేలు మానుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ 1974లో చెప్పేనాటికి సూక్ష్మదర్శిని ఒక్కటే రాజ్యమేలుతోంది.

ఆ పరీక్ష చూడటానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. పొద్దున లేవగానే గట్టిగా దగ్గి తెచ్చిన గళ్ల కావాలి, నోట్లో ఊరిన ఉమ్మి పనికిరాదు. టెక్నీషియన్ అందులో చిక్కగా, పసుపుపచ్చగా ఉన్న భాగాన్ని పుల్లతో తీసి గాజు పలక మీద మూడు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పున పూస్తారు. ఎర్రటి కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి లేచేదాకా వేడి చేస్తారు, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడుగుతారు, మిథిలీన్ బ్లూ అద్దుతారు. మైనపు పొర ఉన్న క్షయ క్రిమి ఆమ్లానికి రంగు వదలదు, కాబట్టి నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లలా కనిపిస్తుంది. నూరు క్షేత్రాలు చూస్తే గాని క్రిమి లేదని రాయకూడదు. ఒక స్లైడుకు ఐదు నిమిషాలైనా పడుతుంది. రోజుకు పాతిక స్లైడ్లు దాటితే కళ్లు అలిసిపోతాయి, ఆ అలసట రిపోర్టులోకి వస్తుంది. 1997లో మొదలై 2006 నాటికి దేశమంతా పరుచుకున్న సవరించిన జాతీయ క్షయ కార్యక్రమం లక్ష జనాభాకు ఒక సూక్ష్మదర్శిని కేంద్రం పెట్టి, స్లైడ్లను మళ్లీ చూసి తప్పొప్పులు తేల్చే ఏర్పాటూ చేసింది. ఎల్‌ఈడీ దీపంతో మెరిసే రంగు వాడే కొత్త సూక్ష్మదర్శినులు తర్వాత పని కొంత తేలిక చేశాయి.

అయితే ఈ పరీక్షకు పుట్టుకతోనే ఒక హద్దు ఉంది. ఒక మిల్లీలీటరు తెమడలో ఐదు నుంచి పది వేల క్రిములు ఉంటే తప్ప కంటికి ఆనవు. పిల్లలు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లు అన్ని క్రిముల్ని దగ్గలేరు. కనిపించినా అది ఏ మందుకు లొంగుతుందో స్లైడు చెప్పదు. అది తెలియాలంటే క్రిమిని పెంచాలి, దీన్నే కల్చరు అంటారు. లోవెన్‌స్టీన్ జెన్‌సన్ అనే గుడ్డు మాధ్యమం మీద అది పెరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టేది. ద్రవ మాధ్యమం ఆ గడువును చాలామందిలో రెండు మూడు వారాలకు తగ్గించినా, అలాంటి ప్రయోగశాలకు గాలి బయటికి పోని కట్టుదిట్టాలు కావాలి. మండలంలో కాదు, చాలా జిల్లాల్లోనే అది లేదు. మొండి క్షయ ఉన్న రోగి నెలల తరబడి పనిచేయని మందులు మింగుతూ ఇంట్లోవాళ్లకు అంటించడం ఈ ఖాళీలోనే జరిగింది.

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షను సిఫారసు చేయడంతో ఈ చిత్రం మారింది. మన ఆసుపత్రుల్లో దీన్ని సీబీనాట్ అంటారు. తెమడకు రెండింతలు ద్రావకం కలిపి, కుదిపి, పావుగంట ఉంచి, రెండు మిల్లీలీటర్లు క్యాట్రిడ్జిలో పోస్తే టెక్నీషియన్ పని అయిపోయినట్టే. రెండు గంటల్లోపు యంత్రం రెండు జవాబులిస్తుంది: క్షయ క్రిమి ఉందా, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందా. క్రిమిలోని ఆర్‌పీఓబీ జన్యువులో 81 అక్షరాల చిన్న ముక్కలో తేడాలు వెతకడం ద్వారా రెండో జవాబు వస్తుంది. మిల్లీలీటరుకు 130 క్రిములున్నా ఇది పట్టేస్తుంది. 2017లో వచ్చిన అల్ట్రా రకానికి పదహారు చాలు. ఈ సున్నితత్వానికి మరో పార్శ్వం ఉంది. పరీక్ష చచ్చిన క్రిమి జన్యువును కూడా చూపిస్తుంది. రెండేళ్ల కిందట మందులు పూర్తిచేసిన మనిషిలో లవలేశం ఉన్నట్టు వచ్చిన రిపోర్టు కొత్త జబ్బుకు గుర్తు కావచ్చు, పాత జబ్బు అవశేషమూ కావచ్చు. చికిత్స మధ్యలో రోగి మెరుగుదల చూడటానికి నేటికీ స్లైడూ కల్చరే వాడటానికి కారణం ఇదే.

ఏసీ గది, నిలకడైన కరెంటు కోరే సీబీనాట్ యంత్రం ఎండలు నలభై డిగ్రీలు దాటే అనంతపురం మండలాలకు నప్పేది కాదు. ఆ లోటు పూడ్చింది బెంగళూరులో రూపుదిద్దుకుని గోవాలో తయారవుతున్న ట్రూనాట్. బ్యాటరీతో నడుస్తుంది, చిన్న బల్ల మీద పడుతుంది. దీన్ని పెద్ద ఎత్తున ముందుగా వాడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికీ ఆమోదం తెలిపింది. అదే ఏడాది ఈ యంత్రాలు కోవిడ్ పరీక్షలకు తరలిపోయాయి. దేశంలో నమోదైన క్షయ కేసులు 2019లో 24 లక్షలుంటే 2020లో 18 లక్షలకు పడిపోయాయి. జబ్బు తగ్గి కాదు, చూసేవాళ్లు లేక. అప్పుడు తప్పిపోయినవాళ్లలో ఎందరో ఆ తర్వాత ముదిరిన దశలో ఆసుపత్రులకు వచ్చారు.

దగ్గుతో బాధపడేవారందరికీ తొలి పరీక్షగానే జన్యు పరీక్ష చేయాలన్నది ఇప్పటి విధానం. కాగితం మీద వివాదం లేదు. కంబదూరు మండలంలోని నూతిమడుగు వంటి ఊరి నుంచి చూస్తే మాత్రం పరీక్ష ఎంత గొప్పదైనా అది తెమడ డబ్బా ప్రయాణం మీద ఆధారపడి ఉంది. ఆశా కార్యకర్త లేదా ఏఎన్‌ఎం డబ్బా ఇచ్చి, మర్నాడు పొద్దున తీసుకుని, చల్లగా ఉంచి, యంత్రం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పెద్ద పరీక్షలకైతే కల్యాణదుర్గం మీదుగా అనంతపురం పోవాలి. వేసవిలో ఒకరోజు ఆలస్యమైతే కల్చరుకు పంపిన నమూనాను ఇతర సూక్ష్మజీవులు చెడగొడతాయి. ట్రూనాట్ చిప్పులూ సీబీనాట్ క్యాట్రిడ్జులూ నిండుకున్న వారాల్లో పాత స్లైడే దిక్కు. అందుకే నిర్ధారణ ఆలస్యమైతే ప్రయోగశాలలో గడిచిన గంటలు లెక్కపెట్టడం దండగ. దగ్గు మొదలైన రోజుకూ డబ్బా చేతికొచ్చిన రోజుకూ మధ్య గడిచిన వారాలే అసలు లెక్క.

ఆ వారాలు ఎక్కడ పోతాయి? వానలు తప్పి వేరుశనగ ఎండిన ఏడాది కంబదూరు, కల్యాణదుర్గం ప్రాంతాల కూలీలు బెంగళూరుకో కేరళకో వలసపోతారు. దగ్గు అక్కడ మొదలవుతుంది, నిర్ధారణ ఇంటికొచ్చాక జరుగుతుంది. లేదా ఇక్కడ డబ్బా ఇచ్చి, రిపోర్టు వచ్చేలోపు బస్సెక్కేస్తారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ముందు పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన ఇచ్చే యాంటీబయాటిక్కుల్లో లీవోఫ్లోక్సాసిన్ వంటివి క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. జ్వరం తగ్గుతుంది, తెమడలో క్రిములు పలచబడతాయి, జబ్బు లోపల అలాగే ఉంటుంది. 2012లో ప్రభుత్వం రెండు మంచి నిర్ణయాలు తీసుకుంది. ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రతి కేసునూ తెలియజేయాలన్నది ఒకటి. రక్తంలో ప్రతిదేహాల ఆధారంగా క్షయ అని చెప్పే కిట్లను నిషేధించడం మరొకటి. ఆ కిట్లు లేని జబ్బును ఉందనీ, ఉన్నదాన్ని లేదనీ చెబుతూ పేషంట్ల జేబులు ఖాళీ చేశాయి.

క్షయ ఊపిరితిత్తులు దాటితే ఆసుపత్రి పని ఇంకా కష్టమవుతుంది. మెడ గడ్డలు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, వెన్నుపూస, పేగు, మెదడు పొరలు, ఎక్కడైనా రావచ్చు. ఇక్కడ తెమడ ఉండదు. గడ్డలోంచి సూదితో తీసిన ద్రవంలోనో వెన్నునీటిలోనో క్రిములు అతి తక్కువ. ఛాతీ నీటిలో అడినోసిన్ డీఅమినేజ్ పెరిగితే క్షయను అనుమానిస్తారు, కానీ చీము పట్టినా అది పెరుగుతుంది. వెన్నునీటిలో సీబీనాట్ క్రిమి ఉందంటే నమ్మవచ్చు, లేదంటే మాత్రం మెదడు క్షయ లేదని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఆపరేషన్ థియేటర్లో ఒక చిన్న అలవాటు ఎన్నో నిర్ధారణలను చెడగొడుతోంది. తీసిన గడ్డ ముక్క మొత్తాన్నీ ఫార్మలిన్ సీసాలో వేసేస్తారు. పెథాలజిస్టుకు అది చాలు. కానీ ఫార్మలిన్‌లో పడిన క్రిమి కల్చరులో పెరగదు, జన్యు పరీక్షకూ సరిగా పనికిరాదు. సగం ముక్కను ఉప్పునీటి సీసాలో వేసి పంపడానికి అదనపు ఖర్చేమీ లేదు. పిల్లల విషయంలో, తెమడ తీయలేని పసివాళ్లకు పరగడుపున కడుపులోంచి తీసిన ద్రవం, ఇటీవలి కాలంలో మలం నమూనా, జన్యు పరీక్షకు పనికొస్తున్నాయి.

హెచ్‌ఐవీ ఉమ్మడి అనంతపురం జిల్లాలో క్షయ నిర్ధారణను మార్చేసిన మరో కారణం. 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లి, కల్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులు నడుపుతోంది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న బత్తలపల్లి ఆసుపత్రి హెచ్‌ఐవీ రోగులను ఏళ్ల తరబడి అనుసరించి, వారి వివరాలతో అంతర్జాతీయ పత్రికల్లో అధ్యయనాలు వెలువరించింది. రోగనిరోధక శక్తి పడిపోయినవారిలో ఎక్స్‌రే మామూలుగా కనిపించవచ్చు, తెమడలో క్రిమి కనిపించకపోవచ్చు, జబ్బు మాత్రం ఒళ్లంతా పాకి ఉంటుంది. అందుకే వీరిలో దగ్గు ఎన్నాళ్లుగా ఉందని అడగకుండా, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్షకు పంపుతారు. మూత్రంలో క్రిమి గోడ నుంచి రాలిన పదార్థాన్ని అరగంటలోపు పట్టే కాగితపు పట్టీ పరీక్షను 2015 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. యంత్రం అక్కర్లేని ఈ పరీక్ష ప్రాణం మీదికి వచ్చినవారిలో బాగా పనిచేస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవారిలోనూ క్షయ రూపం మారుతుంది, ఊపిరితిత్తి పైభాగంలో ఉండాల్సిన మచ్చ కింద కనిపిస్తుంది. ఇప్పుడు క్షయ రోగులందరికీ షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు చేయడం నియమం.

క్షయ జాతిలోని మిగతా క్రిముల ఉనికి కూడా కొత్త పరీక్షల వల్లనే బయటపడుతోంది. స్లైడు మీద ఎర్ర పుల్లలు కనిపించి, సీబీనాట్ లేదంటే, నీళ్లలో మట్టిలో బతికే వేరే మైకోబాక్టీరియాలు కావచ్చు. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో, శుభ్రం సరిగా లేని ఇంజెక్షను చోట లేచిన గడ్డల్లో ఇవి దొరుకుతాయి. వీటికి మందులు వేరు. పాత పద్ధతిలో వీరందరినీ మొండి క్షయ కింద జమకట్టేవారు. పశువుల నుంచి వచ్చే క్రిములది ఇంకో చిక్కు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ భాగస్వామ్యంతో జరిగిన పరిశోధనల్లో మన దేశపు రోగుల్లో ఓరిజిస్ అనే పశు సంబంధ రకం కనిపించింది. మామూలు జన్యు పరీక్ష ఈ రకాలన్నిటినీ ఒకే గాటన కట్టి క్షయ అని మాత్రమే చెబుతుంది. కుష్ఠు క్రిమి కూడా ఈ వంశానిదే, కానీ అది ఏ మాధ్యమం మీదా పెరగదు. కుష్ఠు రోగి ఇంట్లోవారికి ముందు జాగ్రత్తగా ఒక మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చేముందు వారికి క్షయ లేదని తేల్చుకోవాలి, లేకపోతే ఆ ఒక్క మోతాదే క్రిమికి పాఠం నేర్పుతుంది.

గొర్రెలు మేపే సీమలో డాక్టరు మరవకూడని జబ్బు బ్రూసెల్లోసిస్. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి, ఎమ్మారైలో దెబ్బతిన్న వెన్నుపూస, అన్నీ వెన్ను క్షయలాగే ఉంటాయి. గొర్రెలు, మేకల ఈతల దగ్గర చేతులు పెట్టినవారికి, పచ్చిపాలు తాగినవారికి వస్తుంది. దీన్ని తేల్చేది మామూలు రక్త పరీక్షే. అసలు ప్రమాదం ఎక్కడంటే, క్షయకిచ్చే రిఫాంపిసిన్, స్ట్రెప్టోమైసిన్ బ్రూసెల్లా మీద కూడా పనిచేస్తాయి. మందులతో రోగి కొంత కోలుకోగానే క్షయ అన్న ఊహ నిజమైందని అందరూ అనుకుంటారు. రాతి క్వారీల్లో దుమ్ము పీల్చినవారి ఎక్స్‌రేలదీ ఇదే తంతు. సిలికా మచ్చలు క్షయను పోలి ఉంటాయి, పైగా సిలికా పేరుకున్న ఊపిరితిత్తికి క్షయ వచ్చే ముప్పు ఎక్కువ. మందులు వాడి చూద్దాం అనే పద్ధతి ఎంత తగ్గితే అంత మంచిది.

మందులకు లొంగని క్షయలో ఇప్పుడు రిఫాంపిసిన్ ఒక్కటి చూస్తే చాలదు. ఐసోనియాజిడ్‌కు మాత్రమే లొంగని క్రిమిని సీబీనాట్ మామూలు కేసుగానే చూపిస్తుంది. లైన్ ప్రోబ్ పరీక్ష దాన్ని పడుతుంది, అది జిల్లా స్థాయి దాటిన ప్రయోగశాలల్లోనే ఉంది. 2024లో కేంద్రం బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లోక్సాసిన్ కలిపిన ఆరు నెలల చికిత్సకు ఆమోదం తెలిపింది. ఇరవై నెలల చికిత్స ఆరు నెలలకు దిగింది కాబట్టి మాక్సిఫ్లోక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినొలోన్‌లకు క్రిమి లొంగుతుందో లేదో ముందే తెలుసుకోవడం అవసరం. చికిత్స కురచైనకొద్దీ నిర్ధారణ మీద భారం పెరుగుతుంది.

జబ్బు రాకముందు క్రిమి ఒంట్లో నిద్రపోయే దశను చూసే మాంటూ పరీక్షను బీసీజీ టీకా పక్కదారి పట్టిస్తుంది. టీకా ప్రభావం లేని కొత్త చర్మ పరీక్ష, సై-టీబీ, 2022లో మన దేశంలో అనుమతి పొందింది. రోగి ఇంట్లోవారికి నివారణ మందులు ఇవ్వడానికి ఇది పనికొస్తుంది, జబ్బు నిర్ధారణకు కాదు.

ఈ అన్నిటి మధ్య ఎక్స్‌రే మళ్లీ ముందుకొచ్చింది. 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్టు తేలింది. లక్షణాలు ఉన్నవారిలో దాదాపు 64 శాతం మంది వైద్యం కోసం వెళ్లనేలేదు. దొరికిన కేసుల్లో 42.6 శాతం ఎక్స్‌రే తీయకపోతే తప్పిపోయేవే, వారికి దగ్గు వంటి లక్షణాలే లేవు. రోగి తానే వస్తాడన్న 1962 నాటి లెక్క ఇక్కడ చెల్లలేదు. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలు, ఫిల్మును చదివి అనుమానం చెప్పే కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చాక 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల కార్యక్రమంలో ఊళ్లలోకి వెళ్లి వెతికారు. ఆరోగ్యవరం బృందం 1950ల్లో చేసిన పనే ఇది, యంత్రం బరువు తగ్గింది. 2025 కల్లా క్షయను అంతం చేస్తామన్న గడువు మాత్రం తీరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో దేశంలో కొత్త కేసులు 2015లో లక్షకు 237 ఉంటే 2024లో 187.

అనంతపురం వంటి జిల్లాలో కొత్త యంత్రం కొనడం కంటే, ఉన్నవాటికి చిప్పులు ఆగకుండా అందించడం, తెమడ డబ్బాకు రోజూ ఒక బండి ఏర్పాటు చేయడం, వలసపోయిన రోగి రిపోర్టును క్షయ రోగుల ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ నిక్షయ్ ద్వారా అతడున్న ఊరి ఆసుపత్రికి చేర్చడం ముందు జరగాల్సిన పనులు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవారు దగ్గరి సర్కారు ఆసుపత్రిలో తెమడ ఇచ్చి జన్యు పరీక్షే అడిగి చేయించుకోవాలి. పరీక్షా మందులూ ఉచితం, చికిత్స కాలంలో తిండికని నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. వివరాలకు నిక్షయ్ ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666.